వంకరపోతున్న కుట్టు

శంషాబాద్‌లో రఫియా కుట్టే బొంతలకు మంచి పేరుంది. ఈమధ్య మాత్రం కుట్టు వంకరపోతోంది. తప్పంతా మిషన్‌లో గుడ్డను అదిమిపట్టే ఫుట్‌దే అనుకుంది. మందపు పొరలు జారకుండా లాగే వాకింగ్ ఫుట్‌ను అత్తాపూర్ నుంచి తెప్పించి బిగించింది. కుట్టు మళ్లీ పక్కకు పోయింది. అంచు వెంట నడిపే గైడ్ ఉన్న ఫుట్ పెట్టినా అంతే.

"ఇంకో రకం తెస్తవా బిడ్డా?" అని కూతురు అర్ఫాను అడిగింది.

అర్ఫా తల్లి కుడిచేతినే చూస్తోంది. "అమ్మీ, మిషన్ ఆగింది గదా. నీ చెయ్యెందుకు వణుకుతున్నది?"

రఫియా ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. వణుకు ఆగలేదు.

"మా అమ్మకు గూడ గిట్లనే మొదలైంది," అంది మెల్లగా. "ఆఖరికి గ్లాసు గూడ పట్టలేకపోయింది."

అర్ఫా బుర్ఖా అందుకుంది. "లే అమ్మీ, దవాఖానకు పోదాం."

రఫియా లేవలేదు. సగం కుట్టిన బొంతను ఒళ్లోకి లాక్కుని, చేతిని దాని కింద దాచుకుంది.