టిఫిన్ డబ్బాలో బొద్దింకలు

మా బావ పురుగుల మందు కొట్టే మనిషి. హోటళ్లు, హాస్టళ్లు, ఆఫీసులు, ఎక్కడ బొద్దింక కనిపించినా ఆయనకే ఫోన్ వస్తుంది. పగలంతా వాటిని చంపి, సాయంత్రం కొన్నిటిని ప్రాణాలతో ఇంటికి తెచ్చేవాడు. అదీ మధ్యాహ్నం తను తిన్న టిఫిన్ డబ్బాలో! మూత మీద మేకుతో పొడిచిన కన్నాలు, ఆ కన్నాల్లోంచి బయటికొచ్చి గాలిని తడిమే మీసాలు.

ఉద్యోగం కుదిరేవరకని అక్కావాళ్లింట్లో దిగాను, కుదిరాక కూడా కదల్లేదు. కాబట్టి నోరెత్తే హక్కు నాకు లేదని అక్క ఉద్దేశం. "పురుగుల మందాయన ఇంట్లో ఉంటూ పురుగులంటే అసహ్యమంటే ఎలాగే? గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకుంటావా?" అనేది.

ఆ బొద్దింకలు రెండు తాబేళ్ల కోసం. ఇల్లు ఖాళీ చేసి పోతున్న ఒక కస్టమర్, చెవుల దగ్గర ఎర్రచార ఉన్న ఆ నీటి తాబేళ్లను గాజుతొట్టితో సహా బావకు అంటగట్టాడు. బావ పెద్దదాన్ని దొరసాని అని, చిన్నదాన్ని బుడంకాయ అని పిలిచేవాడు.

వాటి భోజనం చూడాలి. కాదు, చూడకూడదు. బావ ఒక్కొక్క బొద్దింకను మీసం పట్టి ఎత్తి నీళ్లలో వదిలేవాడు. అది ఈదేది. గాజు ఎక్కబోయి జారేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, ఇక్కడ పిల్లికి డిప్ప ఉంది, అంతే తేడా. దొరసాని మెడ చాచి కరుక్కున కొరికేది. సగం నోట్లో, సగం బయట, ఆ బయటి సగానికి కాళ్లు ఇంకా ఆడుతూ. ఆదివారమైతే మురుగుకాలువ గట్టు నుంచి నత్తలు, వానపాములు, తోకకప్పలు దిగేవి. రెక్కలు, కాళ్లు, జిగురు కలిసి ఆ నీళ్లకు పట్టిన కంపు సోఫా గుడ్డలకు కూడా పట్టింది.

"ఛీ! షాపులో గింజల్లాంటి మేత అమ్ముతారుగా బావా, అది తేవచ్చుగా?" అన్నానొకసారి.

"రోజూ బిస్కెట్లే తిని బతకమంటే నువ్వు బతుకుతావా మరదలా? కదిలేదాన్ని పట్టుకు తింటేనే వీటికి హుషారు."

హుషారు ఎక్కువగా ఆయనకే. ఆయన వెళ్లినచోటల్లా జనం ముక్కులు మూసుకుని, పిల్లల్ని లోపలికి లాక్కుని, "త్వరగా కానిచ్చి వెళ్లవయ్యా" అంటారు. ఈ రెండు మాత్రం ఆయన చెప్పుల చప్పుడు వింటే చాలు, గాజుకు ముక్కులానించి కాళ్లు టపటపా కొట్టుకునేవి. ఆయన రాకకు అంత సంబరపడే ప్రాణులు ఇంకెక్కడా లేవు. అందుకే మనసారా తిట్టలేకపోయేదాన్ని.

ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో ఆయనకో లెక్క ఉండేది. పరిగెత్తే బొద్దింక మంచిది, తూలేది మందు తిన్నది. పిచికారీ మందు కొట్టినంతకాలం ఆ లెక్క సరిపోయింది. తర్వాత కంపెనీవాళ్లు కొత్త మందు ఇచ్చారు. పేస్టులా ఉంటుంది, సిరంజీతో మూలల్లో చుక్కలు పెట్టాలి. బావ దాన్ని ఇల్లిల్లూ తిరిగి పొగిడేవాడు. "ఇది తిన్న పురుగు వెంటనే చావదమ్మా. చక్కగా పరిగెత్తుకుంటూ గూటికెళ్తుంది, అక్కడ చస్తుంది. దాన్ని తిన్నవి కూడా చస్తాయి!" ఇంట్లో మాకు కూడా ఆడి చూపించాడు.

ఒక హాస్టల్ వంటగదిలో ఆ చుక్కలు పెట్టి, మర్నాడు చూడ్డానికి వెళ్లాడు. పొయ్యి వెనక బలిసిన బొద్దింకలు, పట్టబోతే మెరుపుల్లా పరిగెత్తాయి. మురిసిపోయి డబ్బా నింపుకొచ్చాడు. ఆ సాయంత్రం దొరసాని ఎందుకో ముట్టుకోలేదు. అన్నీ బుడంకాయే మింగింది.

మరుసటి రోజుకు బుడంకాయ తల లోపలికి తీసుకోలేకపోయింది. కాళ్లు వణుకుతున్నాయి. బావ దాన్ని అరచేతుల్లో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు, వెనకే నేను.

"ఏం తిన్నది?" అని అడిగింది డాక్టరమ్మ.

"బొద్దింకలండీ. మంచివే. బాగా పరిగెత్తేవే చూసి పట్టాను..." అని ఆగిపోయాడు. ఊరందరికీ అప్పజెప్పిన మాట ఆయన చెవిన ఇప్పుడు పడింది. బుడంకాయ ఆ టేబుల్ మీదే పోయింది.

"బయట పట్టినవి ఇక వద్దు. మేత పెట్టండి. పురుగులే కావాలంటే తవుడులో పెంచినవి అమ్ముతారు" అంది డాక్టరమ్మ.

అలా మా వంటింటి అలమారలోకి తవుడు డబ్బా వచ్చింది. లోపల పసుపుపచ్చని పురుగులు, ఒకదాని మీద ఒకటి మెలికలు తిరుగుతూ. కొనుక్కొచ్చింది అక్కే, కానీ చేత్తో ముట్టడం తనవల్ల కాదంది. పటకారుతో అందిస్తే దొరసాని బెదిరి డిప్పలోకి ముడుచుకుంది. గింజల మేత వేస్తే వాసన చూసి మొహం తిప్పుకుంది. బావ వచ్చి కూర్చుంటే మాత్రం ఎదురొచ్చి నోరు తెరిచేది. ఆయన చేతులు చంకల్లో దోపుకుని కూర్చునేవాడు.

"పెట్టు బావా, ఇవి మంచివే" అన్నాను.

"అవి కూడా మంచివే అనుకున్నాను" అన్నాడు.

రోజుల తరబడి తిండి లేక దొరసాని మెడ దగ్గర చర్మం వేలాడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. బావ మీద, తాబేలు మీద, ఆ తవుడు మీద కూడా. వెళ్లి డబ్బాలో వేళ్లు పెట్టాను. పురుగు చల్లగా, కండతో మెలి తిరిగింది. మొహం పక్కకు తిప్పుకుని దాన్ని నీళ్ల మీద పట్టుకున్నాను. దొరసాని చటుక్కున లాక్కుంది. అది నమలడం నా వేళ్లకు తెలిసింది.

"ఛీ, ఛీ!" అన్నాను.

"తిన్నదా?" బావ గోడవైపు చూస్తూ అడిగాడు.

"తిన్నది."

"ఇంకొకటి పెట్టమ్మా" అన్నాడు.

పెట్టాను.