మా క్యాంపు రూమ్‌లో ఎంట్రోపీ చెప్పిన సుధాకర్ అన్న

నిన్న మధ్యాహ్నం గల్ఫ్‌లో, సలాలాలో డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది.

సుధాకర్ అన్న ఇక లేడట. అల్ సువైక్‌లో, నిద్రలోనే హార్ట్ అటాక్.

ఫోన్ పెట్టేశాక కూడా అక్కడే నిలబడిపోయాను. సూపర్‌వైజర్ పిలుస్తున్నా వినపడలేదు.

అన్న జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాడు. కాలేజీ మూతపడితే స్టోర్‌కీపర్‌గా గల్ఫ్‌లోని దుక్మ్ వచ్చాడు. అక్కడి లేబర్ క్యాంపులో నేను, మల్లేశ్, ఇంకొందరం ఆయన రూమ్‌మేట్లం.

ఆయిల్ రేట్లు పడిపోయి మా సైట్ ఆగిపోయింది. జీతాల్లేవు. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరే.

బయట ఇసుక గాలి. లోపల కరెంటు లేదు. తలుపు మూసుకుని కూర్చునేవాళ్లం.

మల్లేశ్ తిండి మానేశాడు. ఒకరోజు ఊపిరాడట్లేదని గుండె పట్టుకున్నాడు.

"అన్నా, ఈ రూమ్‌ల గాలంత ఒక మూలకు వోతే సచ్చిపోతం గదనే?"

మేం నవ్వాం. అన్న నవ్వలేదు. పక్కన కూర్చుని, క్లాసులో చెప్పినంత ఓపిగ్గా చెప్పాడు.

"పోవచ్చు మల్లేశా. కని గాలంత ఒక్క మూలకు జేరే తీర్లు శానా తక్కువ. రూమంత పర్సుకునుండే తీర్లు లెక్కలేనన్ని. అందుకే అది మనను ఇడ్సిపెట్టి పోదు. ఆ తీర్ల లెక్కనే ఎంట్రోపీ అంటరు."

మల్లేశ్ గుండె మీంచి చెయ్యి తీశాడు.

"మరి మనం ఇంటికి పోవుడు సుత గట్లనేనా? పోవచ్చు గని, పోమా?"

అన్న తల వంచుకున్నాడు.

పొద్దున చూస్తే అన్న వాటర్ ట్యాంకర్‌లో డ్రైవర్ పక్కన కూర్చుని ఉన్నాడు. లేబర్ ఆఫీసుకట. పర్మిషన్ లేకుండా క్యాంపు దాటితే కేసు పెడతారు, పోకు అన్నా అని బతిమాలాను.

"నిన్న చెప్పింది గాలి లెక్క తమ్మీ. గాలికి నోరు లేదు. మనకున్నది."

అన్న ఫిర్యాదుతో లేబర్ ఆఫీసర్లు క్యాంపుకు వచ్చారు. అందరి పాస్‌పోర్టులూ చేతికొచ్చాయి.

అన్నది తప్ప. పారిపోయాడని కంపెనీ ఆయన మీద కేసు పెట్టింది.

మేం ఎయిర్‌పోర్టు బస్సెక్కుతుంటే, "మీరు వోండ్రి, నేను ఎన్కనుంచి వస్త" అన్నాడు.

రాలేకపోయాడు.

కేసు తెగేదాకా దేశం దాటొద్దన్నారు. సువైక్‌లో ఖర్జూరం తోటలో పనిచేస్తూ ఎదురుచూశాడు. వేరే వీసా మీద నేను తిరిగొచ్చాక కూడా ఫోన్‌లో ఒకటే మాట: "అయితది తమ్మీ."

ఇప్పుడు బాడీ పంపడానికీ ఆ కేసే అడ్డమట. నాకు లీవ్ ఇవ్వలేదు. చివరిచూపు కూడా లేదు.

ఊరి నుంచి మల్లేశ్ ఫోన్ చేశాడు. ఏడుపు ఆపుకుంటూ, "ఎన్ని దినాలైనా సరే, ఎయిర్‌పోర్టుల నేనే నిలవడ్త. అన్నను ఇంటికి తోల్కవోత" అన్నాడు.

అన్నా, తొందరగా ఇల్లు చేరు.

మన మట్టిలో హాయిగా పడుకో.