మా ఇంట్లో సర్వర్ వెలగని వారం

బెంగళూరు నుంచి ఆ బోర్డు సోమవారం పొద్దున పార్సిల్‌లో వచ్చింది. శుక్రవారం పదకొండు గంటలకు ఇంటర్వ్యూ. ఈలోపు దానికి ప్రాణం పోయాలి. ఇలా రాస్తే ఏదో పురాణఘట్టంలా ఉంటుంది గానీ, జరిగిందల్లా ప్రొద్దుటూరులో మా ఇంటి ముందుగదిలో నేను బనియన్‌తో నేల మీద కూర్చుని స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కోవడం.

అది సర్వర్ మదర్‌బోర్డు. కాకపోతే ఇళ్లలో వాడే మామూలు ప్రాసెసరే దానికి సరిపోతుంది. అంటే పెళ్లికొడుకు మన వీధివాడే, కల్యాణమండపం మాత్రం పెద్దది. నాలాంటివాళ్లు ఇంట్లో సర్వర్ కట్టుకోవాలంటే ఇలాంటివే సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కుంటారు. ఇంట్లో సర్వర్ ఎందుకని మా వీధిలో ఎవరూ అడగలేదు. అదేమిటో తెలిస్తే కదా అడగడానికి.

హైదరాబాదు కంపెనీవాళ్లు మాత్రం అడిగారు. "మీరే సొంతంగా కట్టిన సర్వర్ ఉందని రాశారు కదా, శుక్రవారం అది నడుస్తుండగా చూపించండి" అన్నారు. రాసినప్పుడు నిజంగానే ఉండేది, ఒక పాత కంప్యూటర్. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన వారమే అది కన్నుమూసింది. దానికి అంత భయం ఎందుకో.

ఈ ఉద్యోగం నాకు మామూలుగా అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువే అవసరం. బెంగళూరు ఆఫీసు నన్ను పంపించేసి నాలుగు నెలలైంది. ఇంట్లో మాత్రం "వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు" అని చెప్పాను. రోజూ తొమ్మిదికి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగదిలో కూర్చునేవాణ్ణి, ఆరింటికి లేచేవాణ్ణి. మధ్యలో టీ తాగడానికి కూడా ఆఫీసువాడిలాగే విసుక్కుంటూ వచ్చేవాణ్ణి. ఈ ఉద్యోగం వస్తే అబద్ధం చడీచప్పుడు లేకుండా నిజమైపోతుంది. రాకపోతే ఏం చెయ్యాలో ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండడానికే ఆ వారమంతా అటూ ఇటూ తిరిగాను.

అన్నీ బిగించి స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద ఏమీ రాలేదు. బోర్డు మూలలో ఎర్రగా రెండంకెల కోడ్ ఒకటి వెలిగి అక్కడే నిలబడిపోయింది. దానర్థం ఏమిటని బోర్డుతో వచ్చిన పుస్తకంలో చూస్తే "మెమరీ" అని ఒక్క మాట ఉంది. నాలుగు నిమిషాలు చూసి ఆపేశాను. మెమరీ కార్డులు నాలుగూ పీకి తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ నాలుగు నిమిషాలు. ప్రాసెసర్ తీసి, దాని మీద వేడి లాగడానికి పూసే పేస్టు తుడిచి, కొత్త పేస్టు పూసి బిగించాను. నాలుగు నిమిషాలు. మంగళవారం సాయంత్రానికి నేను ముట్టుకోని భాగం బోర్డు మీద లేదు, నా వేళ్ల మీద పేస్టు అంటని చోటూ లేదు.

నేను అన్నానికో స్నానానికో లేచినప్పుడల్లా అమ్మ వచ్చి గోడ స్విచ్ ఆపేసేది. మా నాన్న కలమల్ల దగ్గర పవర్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఆయన అక్కడ కరెంటు తయారుచేస్తాడు, ఈమె ఇక్కడ ఆపుతుంది. వీళ్లిద్దరి మధ్య రాష్ట్రం ఎలా నడుస్తోందో నాకు అర్థం కాదు. మనిషి లేని గదిలో స్విచ్ వేసి ఉంటే ఆమెకు నిద్ర పట్టదు. సాయంత్రం ఆరు కొడితే నేను గదిలో ఉన్నా ఆపేస్తుంది.

"అమా, అది ఆఫీసుది, ఆపాకు" అన్నాను మంగళవారం.

"ఆరు దాటినాక ఆఫీసు యాడుంది రా?" అంది.

నిజమే. ఆరుకు ముందు కూడా లేదు.

బుధవారం పొద్దున అమ్మ పులివెందులకు బయలుదేరింది, మా చిన్నమ్మ మనవరాలిని ఉయ్యాలలో వేస్తున్నారని. నేను మళ్లీ స్విచ్ వేసి కోడ్ చూశాను. అదే కోడ్. తప్పు మెమరీ కార్డులదే అనిపించింది. జమ్మలమడుగులో ఆన్‌లైన్ సెంటర్ నడిపే స్నేహితుడి దగ్గర అదే రకం మెమరీ ఉందని గుర్తొచ్చింది. అంతే, చొక్కా కూడా సరిగ్గా వేసుకోకుండా బండి తీశాను. స్విచ్ సంగతి మర్చిపోయాను.

స్నేహితుడి సెంటర్లో అప్లికేషన్లు పెట్టుకునేవాళ్లు గుమ్మం దాకా నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "కూర్చో మామా, మెమరీ ఇదే మిషన్లో ఉండాది. వీళ్లంతా పోయినాక పీకిస్తా" అన్నాడు.

కూర్చున్నాను. లేచాను. బయటికెళ్లి సోడా తాగాను. లోపలికొచ్చి గోడ మీద ఆధార్‌కు కావలసిన పత్రాల జాబితా రెండుసార్లు చదివాను. మళ్లీ కూర్చున్నాను.

"రేయ్, ఆ కుర్చీలో ముళ్లేమన్నా ఉండాయా?" అన్నాడు తెర మీద నుంచి కళ్లు తీయకుండా.

"ఎంతసేపు పడుతుంది?"

"ఆ పెద్దాయన వేలిముద్ర పడితే అయిపోతాది. పొద్దున్నుంచి పడలే. ఆయనే నిమ్మళంగా ఉండాడు, నీకేం తొందర? ఆఫీసుకు లీవ్ పెట్టినావా?"

"పెట్టినా" అన్నాను. అంత పెద్ద లీవ్ పెట్టినవాడు మా బ్యాచ్‌లో ఇంకెవడూ లేడు.

రెండు గంటలకు పైగా అయ్యాక మెమరీ చేతికొచ్చింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ఎండలో కళ్లు చికిలించుకుంటూ ప్రొద్దుటూరుకు వచ్చాను. తలుపు తెరిస్తే ఫ్యాన్ల చప్పుడు. తెర వెలుగుతోంది. లాగిన్ చెయ్యమని అడుగుతోంది.

ఎవరూ ఏమీ చెయ్యలేదు. నేను ఇంట్లో లేకపోవడమే చేసిన రిపేరు.

అప్పుడు పుస్తకం సరిగ్గా చదివాను. ఈ కొత్తరకం మెమరీని మొదటిసారి పెట్టినప్పుడు బోర్డు ఒక్కో కార్డునీ పరీక్షించి, దేనితో ఎంత వేగంగా మాట్లాడవచ్చో కొలుచుకుంటుంది. నాలుగు కార్డులుంటే పావుగంట పైనే పట్టవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. మూడు రోజులుగా అది కొలుచుకుంటూనే ఉంది, నేను నాలుగో నిమిషంలో దాని నోరు నొక్కుతూనే ఉన్నాను. నేను వదిలేసినప్పుడు అమ్మ నొక్కింది. బుధవారం మేమిద్దరం ఊళ్లో లేము కాబట్టి అది బతికిపోయింది.

సాయంత్రం అమ్మ తిరిగొచ్చింది. ఆరింటికి స్విచ్ ఆపేసింది. ఆపితే ఆపింది, కొలతలు అయిపోయాయి కదా, ఇక నిమిషంలో లేస్తుంది అనుకున్నాను.

గురువారం పొద్దున మళ్లీ నల్లని తెర, మళ్లీ అదే కోడ్. ఈసారి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పదిహేడు నిమిషాలు. నా జీవితంలో అంతసేపు దేన్నీ ముట్టుకోకుండా కూర్చున్నది పదో తరగతి ఫలితాల నాడు మాత్రమే. తెర వచ్చింది. మూలన తేదీ చూశాను. ఎప్పటిదో, బోర్డు తయారైన నాటిది. దాని లెక్కలో నాకింకా ఉద్యోగం ఉంది.

తేదీ గుర్తులేదంటే లోపలి బిళ్ల బ్యాటరీ పోయినట్టే. గోడ స్విచ్ ఆపిన ప్రతిసారీ బోర్డు తేదీతో పాటు కొలతలు కూడా మరిచిపోయి మొదటికొస్తోంది. మిషన్ ఆపి, బ్యాటరీ ఊడదీసుకుని బంగారం అంగళ్ల సందులో గడియారాల భాయ్ దగ్గరికి పరుగెత్తాను. గడియారాలకే కాదు, అంగళ్లలో బంగారం తూచే చిన్న తక్కెడలకు కూడా ఆయనే బ్యాటరీలు మారుస్తాడు. ఆయన మీటరు తీసి దాని రెండు ముళ్లూ బిళ్లకు ఆనించాడు.

"ఇది సచ్చి శానా దినాలాయె కదప్పా. మూడు వోల్టులుండాల, ఒకటిన్నర కూడా లేదు. ఏ గడియారంది?"

"కంప్యూటర్‌ది భాయ్. దీనివల్ల అది లేవడానికి పావుగంట తీసుకుంటాంది. మూడు దినాలు నాకు అది కూడా తెలీలే, ఊరికే ఆపేస్తా ఉన్యా."

ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి నన్ను చూశాడు. "పావుగంట ఆగలేకపోయినావా? నేను కువైట్‌లో పన్నెండేండ్లు ఆగినా."

కొత్త బ్యాటరీ తీసుకుని బయటపడ్డాను.

బ్యాటరీ వేశాక ఇంకో పావుగంట, అదే ఆఖరిసారి. ఆ తర్వాత ఆపి వేసి చూశాను, నిమిషంలో లేచింది. మధ్యాహ్నం రెండుకు పాత డిస్కుల్లోంచి అన్నీ దీనిలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. రేపు పొద్దున ఎనిమిదికి పూర్తవుతుందని తెర మీద చూపించింది. మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. అమ్మకు మాత్రం బ్యాకప్ లేదు.

ఆరింటికి వచ్చింది. చెయ్యి స్విచ్ మీద పెట్టింది.

"అమా, వద్దు."

"ఆరాయె."

"తెల్లార్లూ నడవాల."

"మీ ఆఫీసోళ్లకు బుద్ధుండాదా లేదా? ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతా."

ఇంకో అబద్ధం చెప్పొచ్చు. నాలుగు నెలల్లో నేను అంత మొద్దుబారలేదు అనుకుంటే బాగుంటుంది గానీ, అసలు సంగతి ఏమిటంటే ఆ క్షణానికి ఏదీ తట్టలేదు.

"ఫోన్ చేయడానికి ఎవరూ లేరు మా. ఆఫీసే లేదు. తీసేసినారు. రేపు ఇంకో దాంట్లో ఇంటర్వ్యూ. దానికే ఇది."

చెయ్యి స్విచ్ మీదే ఉంది.

"ఎన్నాళ్లాయె?"

"నాలుగు నెలలు."

"మరి దినామూ చొక్కా ఏసుకుని కూర్చుంటివే?"

"ఊరికే."

"ఆ చొక్కాలన్నీ ఇస్త్రీ చేసింది నేను రా!"

ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. అబద్ధాన్ని ఎప్పటికైనా క్షమిస్తుందేమో, నూరు చొక్కాలను మాత్రం క్షమించదు. లోపలికి వెళ్లి నాన్న సంచిలోంచి నల్ల టేపు తెచ్చి, ఆ స్విచ్ మీద అడ్డంగా నిలువుగా అంటించింది. తర్వాత నాతో మాట్లాడకుండా చపాతీలు చేసింది. నాకు రెండు ఎక్కువే వేసింది. వేసిన చప్పుడు మాత్రం గట్టిగా వచ్చింది.

శుక్రవారం పదకొండుకు వీడియో కాల్‌లో సర్వర్ చూపించాను. ఈమధ్య మీరు పరిష్కరించిన కష్టమైన సమస్య చెప్పండి అన్నారు. మూడు రోజులు నాలుగేసి నిమిషాలకు ఆపేసిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల ఉన్న ఇద్దరిలో ఒకాయన నవ్వాడు. రెండో ఆమె, "మీ నోటీస్ పీరియడ్ ఎంత?" అని అడిగింది.

"నాలుగు నెలల కిందటే అయిపోయింది మేడమ్" అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

ఏ సంగతీ తర్వాత చెప్తామన్నారు. అమ్మ అంత ఆగే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే ఫోన్ తీసింది. "మావోడు నాలుగు నెలలుగా ఖాళీగా ఉండాడంట. ఎవరన్నా ఉంటే సూడండి" అని పులివెందులకు, వేములకు, జమ్మలమడుగుకు చెప్పింది. సాయంత్రానికి నాకు మూడు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి పెట్రోలు బంకులో, ఒకటి ముద్దనూరు దగ్గర క్యాంటీన్ లెక్కలు రాయడానికి, ఇంకొకటి ఏమిటో చెప్పినాయనకే తెలియదు, "ముందు మనిషి వచ్చి కనపడితే చాలు" అన్నాడు.

తొమ్మిది రోజుల తర్వాత హైదరాబాదు వాళ్ల మెయిల్ వచ్చింది. తీసుకున్నారు. ఇంటి నుంచే పని. అమ్మకు చదివి వినిపిస్తే, ఆ ఫోన్ తన చేతిలోకి తీసుకుని తనకు రాని ఇంగ్లీషును పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఈసారి నిజమేనా?" అంది.

నిజమే. కానీ మా వీధిలో ఎవరూ నమ్మడం లేదు. అబద్ధం చెప్పినప్పుడు అందరూ గౌరవంగా తలూపారు. ఇప్పుడు "ఇంటి నుంచే పని చేస్తాండా" అంటే జాలిగా భుజం తట్టి, "కానీలే అప్పా, ఏదో ఒకటి దొరుకుతాది" అంటున్నారు. పెట్రోలు బంకాయన ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు. చొక్కాలు నేనే ఇస్త్రీ చేసుకుంటున్నాను.