పారిపోయినవాని మలుపు

1967 వేసవిలో మా కంపెనీ నన్ను ఆమదాలవలస స్టేషను నుంచి మొగిలివలస వెళ్ళే బస్సుకి కండక్టరుగా వేసింది. అప్పట్లో ఆ లోపలి రూట్లలో నడిచేవి ప్రైవేటు బస్సులే. క్లీనరుగా చేరినవాడు కండక్టరవుతాడు. కండక్టరు ఓపిక పడితే చెకింగు ఇన్స్పెక్టరవుతాడు. ఆ పైన మెట్టు యజమానిగారి బావమరిదికి తప్ప ఎవరికీ దొరకదు. నేను మధ్య మెట్టు మీద ఉన్నాను.

ఆ రూటులో ఒక సుఖం ఉంది. రైలు వచ్చేదాకా బస్సు కదలకూడదు. రైలు ఎప్పుడూ సమయానికి రాదు. స్టేషను దగ్గర శాఖా గ్రంథాలయం ఉంది. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినా, రైల్వేవారి ఆలస్యం పుణ్యమా అని నేను చరిత్ర, వృక్షశాస్త్రం, వ్యాకరణం అన్నీ చదివాను. తేనెటీగల పెంపకం మీద కూడా ఒక పుస్తకం చదివాను. సంతరోజున నిండిన బస్సులో దూరి టిక్కెట్లు కొట్టడానికి వాటన్నిటిలోకీ అదే ఎక్కువ పనికొచ్చింది.

బస్సు ఉద్యోగం తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. స్టేజి అంటే బస్సు ఆగే ప్రతి చోటూ కాదు, చార్జీ మారే చోటు. ప్రతి రూటు పర్మిటుకీ ఒక చార్జీల పట్టిక జతచేసి ఉంటుంది. అందులో స్టేజీల పేర్లు రవాణా ఆఫీసు ఆమోదించినవి. ఆ పేరు కండక్టరు గట్టిగా పిలవాలి, వే బిల్లులో ఆ పేరు ఎదుట టిక్కెట్టు నంబరు వేయాలి. పిలవలేదని ఇన్స్పెక్టరు రాస్తే ఒక రోజు జీతం పోయినట్టే.

మా రూటులో ఆఖరు ఊరికి ముందు స్టేజి పేరు 'పారిపోయినవాని మలుపు'. పర్మిటు ఇచ్చేముందు రోడ్డు చూడడానికి వచ్చిన రవాణా ఆఫీసు బ్రేకు ఇన్స్పెక్టరు, ఇదేం చోటని అక్కడున్న రైతుల్ని అడిగాడట. వాళ్ళు "పారిపోనోడి మలుపు బాబూ" అన్నారు. మా వైపు పోయినవాణ్ణి పోనోడంటారు; ఆయన భాష తెలిసినవాడు కాబట్టి దాన్ని సంస్కరించి పట్టికలో ఎక్కించాడు. మేము మాత్రం జనం నోటి ప్రకారమే అరిచేవాళ్ళం. పారిపోయినవాడు ఎవరో అప్పటికి నాకు తెలియదు. పట్టికలో ఉన్న పేర్లన్నిటికీ కారణాలు వెతికితే బస్సు నడవదు.

ఒక ఉదయం రైలు దిగి దంపతులిద్దరు నా బస్సెక్కారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. చేతిలో కాగితపు గొడుగు. వెంట ఉన్న పెద్ద రేకు పెట్టెను క్లీనరు టాపు మీదకి ఎక్కించాడు. ఆవిడ బుగ్గలకు పచ్చటి గంధం లాంటిది పూసుకుని ఉంది. చూడగానే రంగం నుంచి వచ్చినవాళ్ళని తెలిసిపోయింది. మా జిల్లాలో రంగూన్ని రంగమే అంటారు. బర్మాలో మనవాళ్ళ దుకాణాలూ పనులూ పోయాక ఓడల మీద తిరిగి వస్తున్న కుటుంబాలు ఆ రోజుల్లో రైల్లో తరచు కనిపించేవి. ఆయన పేరు కూర్మయ్య. యుద్ధానికి ముందే మొగిలివలస నుంచి వెళ్ళాడు. భార్య పార్వతి అక్కడే, మనవాళ్ళ వాడలో పుట్టింది. మొగిలివలస చూడడం ఆమెకు అదే మొదలు.

బస్సు కదిలింది మొదలు ఆయన ఆమెకు దేశం చూపించడం ప్రారంభించాడు. ఆయన వేలు చూపిన చోట ఆయన చెప్పినది ఒక్కటీ లేదు. మామిడితోట అన్న చోట బియ్యం మిల్లు ఉంది. పడవ రేవు అన్న చోట వంతెన వచ్చింది. చీకటైతే నక్కలు తిరిగే దిబ్బ అన్న చోట కరెంటు స్తంభం కింద ఒకాయన క్షవరం చేయించుకుంటున్నాడు. కూర్మయ్య ప్రతిసారీ వెనక్కి తిరిగి, ఇవన్నీ నేనే మార్చినట్టు నా వైపు చూసేవాడు.

"ముందర మలుపొస్తాది సూడు," అన్నాడు ఆమెతో. "అది మారదు. నాను రంగం ఎల్లిన్నాడు ఊరు ఊరంతా ఆ మలుపు దాకా వచ్చి నన్ను సాగనంపినారు. డప్పులు, సన్నాయి, హారతులు. మునసబుగారు దండేసినారు."

ఆవిడ ఈ కథ చాలాసార్లు విన్నదానిలా తల ఊపింది. అప్పుడే మలుపు వచ్చింది. నేను నా ఉద్యోగధర్మం నిర్వర్తించాను.

"హోల్డాన్! పారిపోనోడి మలుపు! దిగాల్సినోళ్ళు దిగండి!"

పార్వతి చుట్టూ చూసి, "ఎవులు పారిపోనారు?" అని అడిగింది.

నన్ను అడిగి ఉంటే తెలియదని చెప్పేవాణ్ణి. కానీ ఆమె పక్కన పోలమ్మ కూర్చుంది. పోలమ్మ ఆ మలుపు పక్కన పొలం ఉన్న ముసలావిడ. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, బస్సులో పొగ తాగరాదన్న నియమం బయటికి కనిపించే పొగకే వర్తిస్తుందని వాదించేది. దిగడానికి లేచినావిడ మళ్ళీ కూర్చుంది.

"నీకు తెల్దేటమ్మా? కూర్మిగాడని మా ఊరోడొకడు. వాళ్ళయ్య దుక్కికి తోలితే, ఈ మలుపుకాడ ఎద్దుల్ని కాడితోటే నిలబెట్టీసి రంగం ఓడకి పారిపోనాడు. ఆ ఎద్దులు సాయంత్రం దాకా సూసి సూసి, ఆడింక రాడని నా పెసరచేనంతా మేసీసినాయి. ఆ ఏడు మా ఇంట పెసరట్టు మొకం ఎరగం."

"హారతులివ్వలేదేటి?" అంది పార్వతి.

"ఎవులికి, ఎద్దులకా?"

పార్వతి మొగుడి వైపు తిరిగింది. ఆయన గొడుగు బస్సులోనే విప్పుకుని దాని వెనక కూర్చున్నాడు. ఆమె గొడుగు పక్కకి జరిపి అడిగింది: "ఏటి మావా, సన్నాయెవులు వాయించినారు? పెద్దెద్దా, సిన్నెద్దా?"

ఆ తరువాత బస్సులో ఏమైందో రాయనవసరం లేదు. మా డ్రైవరు సన్యాసి నవ్వాపుకోలేక స్టీరింగు మీద తల పెట్టేశాడు. ఆ బండికి సెల్ఫు పనిచేయదు. ఇంజను ఆగితే జనం దిగి తోయాలి. ఆ రోజు ఇంజను ఆగింది. అందరూ నవ్వుతూనే తోశారు.

కూర్మయ్యకి ఊళ్ళో అన్నగారి వాటాలో ఒక గది దొరికింది. మలుపు దగ్గర రంగం పద్ధతిలో పాలు చిక్కగా కాచి టీ కొట్టు పెట్టాలని భార్యాభర్తలు అనుకున్నారు. కానీ ఊరు ఆయన్ని వదలలేదు. వీధిలో కనిపిస్తే "ఎద్దులు కుశలమేనా మావా?" అనేవారు. రచ్చబండ మీద కూర్చుంటే ఎవరో ఒకరు పెసరచేలకి కాపలా పెట్టమని కేకేసేవారు. నా బస్సు రోజూ ఆ మలుపులో ఆగి, ఆ సంగతి ఎవరైనా మరిచిపోతే గుర్తు చేసేది.

ఒకసారి పార్వతి స్టేషను దాకా వచ్చి గ్రంథాలయంలో నన్ను పట్టుకుంది. "తమ్ముడూ, ఆ పేరు మార్పించవా? మా మావ విశాకపట్నం బర్మా కేంపుకి ఎలిపోదామంటన్నాడు. నాకు రంగం పోనాది. ఇంక ఈ ఊరే ఊరు. మళ్ళీ పెట్టె కట్టలేను. ఆడు ఒక్కడూ ఎలిపోతాడేమో అని నా బయ్యం. అలవాటున్నోడు గదా."

ఆమె మొగుడి అబద్ధాన్ని ఎప్పుడో క్షమించేసింది. ఆమె భయమల్లా ఆయన కాళ్ళ గురించే. నాకు జాలి వేసిందని చెప్పగలను. కానీ నిజానికి అంతకంటె ఎక్కువగా, అంత చదివినవాడికి అర్జీ రాసే అవకాశం దొరికిందని సంతోషం వేసింది.

స్టేజి పేరు మార్చాలంటే కంపెనీ మేనేజరు ద్వారా రవాణా ఆఫీసుకి అర్జీ వెళ్ళాలి. బ్రేకు ఇన్స్పెక్టరు చోటు చూసి, స్థానికుల అభ్యంతరాలు విని, నివేదిక ఇవ్వాలి. నేను గ్రంథాలయంలో కూర్చుని అర్జీ రాశాను. గ్రామనామాల పుట్టుక, మాటలలో గౌరవ అగౌరవాలు, వలసల చరిత్ర అన్నీ అందులో కుక్కాను. కొత్త పేరుగా 'ప్రవాస ప్రత్యాగమన సంధి' అని సూచించాను. మేనేజరుగారు చదివి, ఇది మందు పేరా అని అడిగారు. సన్యాసి మరీ మర్యాద లేనివాడు. "ఆ పేరు నువ్వు అరిసి ముగించీసరికి నాను ఆకరి ఊరు సేరిపోతాను," అన్నాడు.

బ్రేకు ఇన్స్పెక్టరుగారు వచ్చిన రోజు మలుపు దగ్గర సంత కూడినంత జనం చేరారు. అభ్యంతరం ఉందా అంటే పోలమ్మ ముందుకొచ్చింది.

"పేరు మారిస్తే నా పొలం ఎక్కడని సెప్పుకోవాల బాబూ? పిల్లల పెళ్ళి శుభలేకల్లో కూడా అదే అచ్చేయించినాను."

ఇన్స్పెక్టరుగారు ఎండకి తాళలేకపోతున్నారు. నేను సూచించిన పేరు ఒకసారి చదవబోయి సగంలో మానేశారు. పారిపోయినవాడి పేరేమిటని అడిగి, ఆ మనిషికి గౌరవం ఇవ్వడమే కదా కావలసిందని, 'కూర్మయ్య మలుపు' అని రాసుకుని జీపెక్కారు. కూర్మయ్య ఆ రోజు నాకు దండం పెట్టాడు. నేను గ్రంథాలయానికి దండం పెట్టాను.

కొత్త పట్టిక వచ్చింది. "హోల్డాన్! కూర్మయ్య మలుపు!" అని అరిచాను. నిండిన బస్సులో బయట చోటు కనబడదు, అందరూ పాత పేరు కోసమే చెవులు పెట్టుకుని ఉన్నారు; ఒక్కరూ దిగలేదు. పోనిమ్మని రెండు గంటలు కొట్టాను, బస్సు కదిలింది. మొగిలివలస చేరాక సగం బస్సు నా మీద పడింది. మా మలుపు దాటించేశావు, ఈ ఎండలో వెనక్కి నడిపిస్తావా అని పోలమ్మ నా ఏడుతరాలనీ పలకరించింది. మర్నాడూ అదే. ఆమోదించిన పేరు పిలవకపోతే జీతం పోతుంది. అది మాత్రమే పిలిస్తే ఒళ్ళు పోయేలా ఉంది. అందుకని, ఆలోచించగల కండక్టరు ఎవరైనా చేసే పని చేశాను. రెండూ కలిపి అరిచాను.

"కూర్మయ్య మలుపు! అదే, పారిపోనోడి మలుపు!"

నేను చేసినదేమిటో నాకు వారం దాకా తట్టలేదు. అంతవరకు పారిపోయినవాడికి పేరు లేదు. కథ తెలిసినవాళ్ళు మొగిలివలసలోనే ఉన్నారు. ఇప్పుడు సంతకు వచ్చినవాళ్ళకీ, చుట్టపుచూపుగా పోతున్నవాళ్ళకీ, పారిపోయినవాడు కూర్మయ్యేనని సర్కారు ఆమోదంతో రోజూ చాటుతున్నాను.

ఆ వారం చివర, స్టేషనుకి వెళ్ళే ఉదయం ట్రిప్పులో, మలుపు దగ్గర కూర్మయ్య ఒక్కడూ నిలబడి ఉన్నాడు. పక్కన రేకు పెట్టె, చేతిలో గొడుగు. పెట్టె టాపు మీదకి ఎక్కించి స్టేషనుకి టిక్కెట్టు అడిగాడు. డబ్బిచ్చి అడిగినవాడికి టిక్కెట్టు ఇవ్వవద్దని ఏ నియమంలోనూ లేదు. ఇచ్చాను.

పోలమ్మ బస్సులోనే ఉంది. నోట్లోంచి చుట్ట తీసి, "ఒరే కూర్మిగా, ఈపాలి ఎద్దుల్ని ఎక్కడ కట్టినావురా?" అంది.

"ఈపాలి ఎద్దుల్లేవు పిన్నీ," అన్నాడాయన, కిటికీ బయటికి చూస్తూ. బస్సులో ఎవరూ నవ్వలేదు.

నేను గంటలు కొట్టి బండి కదలగానే పొలం గట్టు మీంచి పార్వతి పరుగెత్తుకొచ్చి బస్సుకి ఎదురుగా నిలబడింది. సన్యాసి బ్రేకు తొక్కాడు. ఇంజను కూడా ఆపేశాడు. సెల్ఫు పనిచేయని బండికి ఇంజను ఎందుకు ఆపావని తరువాత అడిగితే, పొరపాటున ఆగిందన్నాడు. పాతికేళ్ళుగా బండి నడుపుతున్న మనిషి.

"పారిపోతే పో మావా," అని కేకేసింది పార్వతి. "పెట్టె దించీసి పో. అది మాయమ్మ నాకిచ్చిన పెట్టె. రేపు కొట్టు తెరుస్తన్నాను. గళాసులు ఏటి మీద పెట్టుకోను, నీ గొడుగు మీదా?"

"కొట్టెలా పెడతావే, ఆ కూత ఇంటూ?"

"ఆ కూతే గదా కావాల! బస్సోడు రోజూ వచ్చి నా కొట్టుకాడ ఊరికే దండోరా ఏస్తంటే వద్దనుకుంటానేటి? పెయింటరుకి సెప్పీసినాను. 'పారిపోనోడి టీ కొట్టు' అని రాస్తాడు. నువ్వుంటే ఉండు, లేపోతే లేదు. ఆ పేరికి నువ్వు లేపోతేనే బాగుంటాది."

ఈసారి బస్సు నవ్వింది. కూర్మయ్య లేచి టాపెక్కి, పెట్టె దించి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. మళ్ళీ బస్సు వైపు వచ్చాడు. అప్పటికి జనమంతా దిగి బండి తోస్తున్నారు. నలుగురు తోస్తుంటే ఊరుకోలేని మనిషి కాబోలు, గొడుగు చంకన పెట్టుకుని ఆయనా ఒక చెయ్యి వేశాడు. ఇంజను అందుకుంది. అందరూ పరుగెత్తి ఎక్కారు.

బండి కదిలేముందు టిక్కెట్టు తీసుకున్న ప్రయాణికుడు ఎక్కాడో లేదో చూడడం కండక్టరు బాధ్యత. చూశాను. ఆయన రోడ్డు మీద, అరచేతులకంటిన మసి పంచెకు తుడుచుకుంటున్నాడు. పరుగెత్తితే అందుకోగలడు. పరుగెత్తడం లేదు. రెండు గంటలు కొట్టాను.

కొట్టు తెరిచారు, బోర్డూ కట్టారు. రైలు దిగినవాళ్ళు ఆ టీ కోసమే అక్కడ దిగడం మొదలుపెట్టారు. దానికి చార్జీ మామూలే కాబట్టి కంపెనీకి కూడా అభ్యంతరం లేకపోయింది. పోలమ్మ రోజూ ఒక గ్లాసు తాగి, పెసరచేను కింద చెల్లు అనేది. చాలాకాలానికి ఒకసారి కూర్మయ్య స్టేషను దగ్గర పంచదార బస్తాతో బస్సెక్కాడు. ఎక్కడికని అడిగాను. అలా అడగడం మా అలవాటు. ఆయన నా వైపు తిరగకుండానే, "పారిపోనోడి మలుపుకి ఒకటి కొట్టు," అన్నాడు. కొట్టాను.

ఆ తరువాత ఆ రూటు ప్రభుత్వ సంస్థ చేతికి వెళ్ళింది. నేనూ దానితోపాటే వెళ్ళి, ట్రాఫిక్ ఇన్స్పెక్టరుగా రిటైరై దిగిపోయాను. పట్టికలో ఆ స్టేజి చివరిదాకా 'కూర్మయ్య మలుపు'గానే ఉంది. ఆ పేరు విని ఎవరైనా సీట్లోంచి లేవడం నేను చూడలేదు. కొత్తగా చేరిన కండక్టర్లకు నేను చెప్పినది ఒక్కటే: వే బిల్లులో ఆఫీసు పేరు రాయండి, నోటితో మాత్రం ప్రయాణికుణ్ణి దింపే పేరు పిలవండి. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చదివి ఉంటే ఆ అర్జీ రాసేవాణ్ణి కాను.