విశ్వం కింద వత్తు

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన మా ఆయనకు విగ్రహాలు చెక్కే కొట్టం ఉండేది. నలభై దాటాక నేను సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తర్వాత నంద్యాలలో ఏడో తరగతి పరీక్ష రాయాలని ఆశ పుట్టింది. మా ఆయన వద్దనలేదు గానీ ఒక మెలిక పెట్టాడు.

"పేపర్లో ఏదో ఒకటి ఆగకుండా చదువు. నేనే బస్సెక్కిస్తా."

రెండువేల నాలుగో, ఐదో. ఆదివారం పేపర్లో నల్లటి బొమ్మ ఒకటి వచ్చింది, నిండా వెలుగు మరకలు. అది పట్టుకుని కొట్టంలోకి పోయాను. మా ఆడబిడ్డ అప్పటికే టీ గ్లాసుతో ఒక బండ మీద కూర్చుని ఉంది.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "విషం పుట్టిన కొత్తలో..."

"యా విషం మే? పత్తికి కొట్టేదా?" అంది ఆడబిడ్డ.

మా ఆయన ఉలి కింద పెట్టి మరీ నవ్వాడు. శ కింద ఉన్న వత్తు నాకు కనపడనే లేదు. చిన్నప్పుడే చదువుకున్నవాళ్లకు వత్తులు వాటంతటవే కంటికి తగులుతాయి. నేను ఒక్కొక్కదాన్నీ వెతుక్కోవాలి.

"విశ్వం" అని దిద్దుకుని, వేలు జరుపుకుంటూ చదివాను. చెప్పలేనంత దూరంలో ఉన్న గెలాక్సీలట, అంటే నక్షత్రాల గుంపులు. చాలావరకు చిన్నవి. మన పాలపుంత మాదిరి చక్కటి చక్రాలు కావు. ఒకటి వంకర గడ్డ, ఒకటి తోకకప్ప, ఇంకొకటి పూసలు వరసగా పేర్చినట్టు.

మా ఆయన లేచి వచ్చి బొమ్మ మీదికి వంగాడు. తల మీది రాతిపొడి పేపర్ మీద రాలింది.

"ఇవి చెడిపోయినవా, ఇంకా చెక్కాల్సినవా?"

ఎగతాళి అనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

"ఉండు, చూస్తా."

పెదాలు కదుపుతూ లోపలే చదువుకున్నాను. ఇద్దరూ కాచుకున్నారు.

"చెడిపోయినవి కావు. ఆ వెలుతురు ఆడ బయల్దేరి వెయ్యి కోట్ల ఏండ్లు దాటిందంట. మనకు కనపడేది వాటి పసితనం. ఒకదాంట్లో ఒకటి కలిసి పెద్దవైతాయంట."

"అయితే ఇప్పుడెట్లుండాయో?"

"అది ఈడ రాయలేదు."

"రాసినోనికి తెలిస్తే గదా!" అంది ఆడబిడ్డ. "అయినా ఇది ఆగింది సూడ్రా మధ్యలో. ఆగకుండా అన్నావే!"

"నేనడిగితే ఆగింది లే అక్కా" అన్నాడు. బొమ్మ మీద పొడి మెల్లగా ఊది, నా వైపు తిరిగాడు.

"పరీక్ష యా దినం?"