తాతయ్య వెతికిన తప్పు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా వీధి పొడవునా మగ్గాల చప్పుడే. మా తాతయ్య చీరలు నేసేవాడు. మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, ఆయన దగ్గరే పని నేర్చుకుంటుండేవాడు. తొందరలోనే తాతయ్యను మించిపోతాడని వీధిలో అందరూ అనేవారు.

ఆ ఏడు ఉరుకుంద తిరునాళ్ళకు కట్టుకోమని తాతయ్య నాకోసం పావడా గుడ్డ నేశాడు. పసుపు రంగు, ఎర్ర అంచు. చీరల పని ఆపి మరీ నాలుగు రోజులు దానిమీదే కూర్చున్నాడు. నేనేమో అప్పటికే బడిలో ఒక పిల్ల వేసుకొచ్చిన మెరిసే పావడా చూసి ఉన్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా! "ఈ ముతక గుడ్డ నాకొద్దు, మిషన్ గుడ్డే కావాల" అని నేలమీద పడి దొర్లాను. అమ్మ చెయ్యెత్తితే తాతయ్య ఆపాడు. మరునాడు నన్ను బస్సెక్కించి ఆదోనికి తీసుకుపోయాడు.

తాతయ్య నేసిన చీరలు కొని అమ్మే సాయిబుగారి బట్టల కొట్టు అక్కడే ఉండేది. ఆయన మెరిసే గుడ్డలు మా ముందు పరిచి నొచ్చుకున్నాడు. "ఏం సేసేది పెద్దాయనా, వచ్చినోళ్ళందరూ ఈ మరమగ్గం సరుకే అడుగుతాండారు. నీ సీరలు మూడు నెల్లుగా ఈడనే ఉండాయి."

తాతయ్య ఒక గుడ్డను వెలుతురుకు పట్టి చూశాడు. తిరగేసి చూశాడు. అంచు వెంట గోరు నడిపాడు. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వెతికాడని ఇప్పుడు తెలుస్తోంది. చివరికి, "ఒక్క పోగు తప్పు లేదప్పా, బాగ నేసినారు" అని నాకు అదే కొనిచ్చాడు. బస్సులో ఆ పొట్లాన్ని నేను ఒళ్ళో నుంచి దించలేదు.

ఇంటికి రాగానే ఆయన చిన్నాయనను మగ్గం మీద నుంచి లేవమన్నాడు. "మన పాపే వద్దన్న గుడ్డను ఊర్లో ఎవరు కొంటారప్పా? నువ్వు ఆదోని పోయి యాడన్నా వేరే పని సూసుకో." చిన్నాయన గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేను కొత్త గుడ్డ నడుముకు చుట్టుకుని అద్దం ముందు తిరుగుతున్నాను.

తిరునాళ్ళు అయిన వారానికి చిన్నాయన ఆదోనిలో పత్తి బస్తాలు మోసే పనిలో చేరాడు. అంత సన్నని పని తెలిసిన చేతులు అవి. తాతయ్య మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు, ఎప్పటిలాగే ముద్దు చేశాడు.

మరమగ్గాలను నేను తేలేదు, నిజమే. నేతలోనే ఉండిపోతే చిన్నాయన పస్తులుండేవాడేమో, అదీ నిజమే. కానీ ఆ రోజు మా ఇంట్లో పాఠం నేర్పింది నేను, నేర్చుకున్నది అరవై దాటిన మా తాతయ్య. ఆయనకు దాన్ని ఇంకెవరైనా నేర్పి ఉంటే బాగుండేదని ఈ వయసులోనూ బాధపడతాను.