మేష్ట్రు కొట్టేసిన కాగితం

నా పేరు హనుమక్క. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో రాసిపెట్టినవాళ్లు ఎవరూ లేరు. ఊరు పావగడ తాలూకా తిరుమణి. ఊరి చుట్టూ చేలల్లో ఇప్పుడు సోలారు ప్లేట్లే. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు లక్ష్మి, ఒక ఆవు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా బడి టీచరమ్మ రాస్తున్నది.

మంగళవారం పొద్దున పక్కింటి మేష్ట్రుకు పాలు ఇవ్వడానికి పోయిన లక్ష్మి, చెంబు అట్లే పట్టుకొని తిరిగొచ్చింది.

"అత్తా, మేష్ట్రు లేరు."

"లేకపోతే యాడికి పోయినాడు, హొసకోట బస్సుకా?" అన్నాను.

లక్ష్మి చెంబు గడప పక్కన పెట్టి కూలబడింది. అప్పుడు నాకు అర్థమైంది.

ఆయన జ్ఞాపకంగా బడివాళ్లు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. మొదటి పేజీ టీచరమ్మ చదివి వినిపించింది. "ఆయన జీవితంలో ఒక్క తప్పు మాట కూడా రాయలేదు" అని ఉంది. ఆ మాట కొట్టేయాలి. నా ఫిర్యాదు అదొక్కటే. ఎందుకో చెబుతాను.

మేష్ట్రు బెంగళూరులో పెద్ద కాలేజీలో పాఠాలు చెప్పి, రిటైరైనాక మా పక్కింటికి అద్దెకు వచ్చాడు. సామానంటే రెండు పెట్టెలు, ఒక కంప్యూటరు, ఒక కుక్కరు. ఈ ఊరికే ఎందుకొచ్చావని అడిగాను.

"బతుకంతా సిలికాన్ లెక్కలు కట్టినానక్కా. ఆ సోలారు ప్లేట్లలో ఉండేది అదే. ఎండలో అది పని చేసేది చూస్తా ఈడే ఉంటా."

"ముందే వచ్చింటే ఆ ప్లేట్ల కింద పోయిన మా సెనక్కాయ చేను చూసిందువు" అన్నాను.

ఏం లెక్కలని అడిగితే, ఇనుమైనా రాగైనా సిలికానైనా కంటికి ఆనని గింజలతో అయిందని చెప్పాడు. ఆయన పరమాణువులు అనేవాడు, నేను గింజలనేదాన్ని. మరీ దగ్గరికొస్తే ఒకదాన్నొకటి తోసుకుంటాయట, కొంచెం ఎడమైతే లాక్కుంటాయట. ఆ తోపుడూ లాగుడూ కంప్యూటరులో లెక్క కట్టి, లోహం ఎప్పుడు వంగుతుంది, సిలికాన్ ఎప్పుడు పగులుతుంది అని ముందే చెప్పడం ఆయన పని.

"తోడికోడళ్ల మాదిరి" అన్నాను.

"అంతేనక్కా."

"అత్త వాకిట్లో కూర్చోనుంటేనో? అప్పుడు ఆ ఇద్దరూ వేరే మాదిరి ఉంటారు గదప్పా."

మేష్ట్రు కాఫీ లోటా కింద పెట్టాడు. "ఆ మాట తెలిసేదానికి నాకు ఏండ్లు పట్టిందక్కా. ఇద్దరిద్దర్నే తీసుకొని లెక్క కట్టినాను. కాగితం మీద బాగానే ఉండాది, కంప్యూటరులో నా సిలికాన్ గడ్డ మాత్రం నిలబడల్యా. లోహంలో ఒక గింజ పట్టు చుట్టూ ఎంతమంది ఉండారో దాన్నిబట్టి మారతాది. సిలికాన్‌కు నాలుగే చేతులు. ఒక చేతికీ ఇంకో చేతికీ మధ్య ఎడం మారితే అది ఒప్పుకోదు. మూడోదాన్ని చూడకుండా ఇద్దరి సంగతి చెప్పలేము."

అంత తెలిసిన మనిషే మా ఇంటి సంగతిలో మూడోదాన్ని మరిచాడు.

లక్ష్మి, ఇంకో అయిదుగురు ఆడవాళ్లు ఆ సోలారు ప్లేట్లు కడిగే పనికి పోయేవాళ్లు. ఒకసారి వరసగా కొన్ని ప్లేట్లు పగిలాయి. కాలిన అద్దం మీద చన్నీళ్లు పోసి వీళ్లే పగలగొట్టారని సూపర్‌వైజరు అన్నాడు. మేష్ట్రు చదువుకున్నవాడని ఆయన దగ్గరికొచ్చి అడిగాడు. వేడి అద్దం మీద చన్నీళ్లు పడితే పగలవచ్చని మేష్ట్రు అరుగు మీదనే కూర్చొని రాసిచ్చాడు. మరునాటి నుంచి ఆరుగురినీ పనికి రావద్దన్నారు. ప్లేట్లు పగలగొట్టినామె అని లక్ష్మిని బోరు దగ్గర కూడా అన్నారు.

నేను ఆయన వాకిట్లో నిలబడ్డాను.

"ఏం మేష్ట్రప్పా, నీళ్లూ ప్లేటూ ఇద్దరేనా? మూడోది యాడ పోయింది? వీళ్లు కడిగేది తెల్లారకముందే, ప్లేటు చల్లగా ఉన్నప్పుడు. నువ్వు పోయి చూసినావా?"

"చూడలేదక్కా."

"చూడకుండా రాసినావా?"

మేష్ట్రు తువ్వాలు నెత్తిన వేసుకొని లేచాడు. ఎండలో నడిచాడు, నేనూ వెనకే నడిచాను. పగిలిన ప్రతి ప్లేటు దగ్గరా కూర్చొని వేలితో బీటను తడుముతూ పోయాడు. అన్ని బీటలూ చట్రాన్ని బిగించిన క్లిప్పు దగ్గరే మొదలయ్యాయి. ఆడవాళ్లు ఇంకా కడగని వరసలోనూ పగిలినవి ఉన్నాయి. నట్లు మరీ బిగించేశారు. ఎండకు ప్లేటు సాగడానికి చోటు లేదు.

సూపర్‌వైజరు, "సార్, మీరే రాసిస్తిరి గదా" అన్నాడు.

"రాసింది నేనే. తప్పు రాసినాను. ఇట్ల తే."

ఆ కాగితం మోకాలి మీద పెట్టుకొని రాసిందాని మీద ఒక గీత గీశాడు. కింద సరైనది రాసి సంతకం చేశాడు. ఆరుగురి ముందరే చదివి వినిపించాడు. మరునాడు వాళ్లంతా పనికి పోయారు.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను, "పూర్తిగా చెరిపేయకూడదా? చదివేటట్టే ఉండాది."

"అట్లే ఉండాలక్కా. ఏం కొట్టేసినామో కనపడాల. లేకపోతే ఇంకొకడు మళ్లా అదే రాస్తాడు."

ఆయన పెట్టెల్లో ఉన్నవి కూడా అట్లాంటి కాగితాలే. తప్పిన లెక్కలన్నీ దాచుకున్నాడు. "లెక్క కుదరకపోతే గింజల మీద కోపపడి ఏం లాభమక్కా" అనేవాడు.

ఇప్పుడు చెప్పండి. మేష్ట్రు ఒక్క తప్పు కూడా రాయలేదంటే, మొదట రాసింది కూడా నిజమే కావాలి. అప్పుడు నా కోడలు ప్లేట్లు పగలగొట్టిందే అవుతుంది. ఆయన్ని పొగడడానికి ఆరుగురి మీద మళ్లీ మచ్చ వేయొద్దు. నాలాంటిదాని మాటకు ఎండలో నడిచి, రాసిన చేత్తోనే కొట్టేసిన మనిషి. నాకు తెలిసిన పెద్దరికం అదే. దానికి నేను రుణపడి ఉన్నాను. టీచరమ్మా, ఆ మాటను చెరపొద్దు. చదవడానికి వీలుగా ఒక్క గీత గీసి, కింద ఇది వేయండి.

కాగితం కొట్టేసిన ఆ సాయంత్రమే మేష్ట్రు, మేము పితుకుపప్పు కూరకు నానబెట్టిన అనపగింజలు నాలుగు గుప్పిళ్లు అడిగి తీసుకున్నాడు. చీపురు పుల్లలు విరిచి, గింజకు నాలుగు చేతులు గుచ్చి, ఒకదానికొకటి కలిపాడు. ఇదే సిలికాన్ అన్నాడు. పచ్చిగా ఉన్నప్పుడు తాకితే ఊగేది. ఎండేకొద్దీ గింజలు ముడుచుకొని పుల్లల్ని గట్టిగా పట్టుకున్నాయి. దాన్ని దారంతో మా గుమ్మానికి కట్టాను. చీకటి విడకముందే లక్ష్మి పనికి వెళ్తుంటే తల తగులుతుంది. ఒక్క గింజకే తగులుతుంది. మొత్తం కలిసి ఒకసారి తిరిగి, మెల్లగా నిలబడుతుంది.

హనుమక్క ఎడమ చేతి వేలిముద్ర.
చూసినవాళ్లు: కోడలు లక్ష్మి, ప్లేట్లు కడిగే రత్నమ్మ.